సర్వర్ ప్రాసెసర్‌తో గేమ్ ఆడొచ్చా? (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మొదలుపెట్టేముందు ఒక్క ప్రశ్న. చేతులెత్తి చెప్పండి. ఒక ప్రాసెసర్‌లో 14 కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, ఉన్నాయి, ఇంకోదాంట్లో 6 ఉన్నాయి. పగలు పని చేసుకోవాలి, రాత్రి గేమ్ ఆడుకోవాలి. ఏది తీసుకుంటారు? సరే, 14కే ఎక్కువ చేతులు లేచాయి. కొన్నేళ్ల కిందట నన్నడిగితే నేనూ 14కే ఎత్తేవాణ్ణి. ఎత్తడమే కాదు, కొన్నాను కూడా. ఆ మెషీన్ మీద రెండేళ్లు పనిచేశాక తెలిసిన సంగతులు ఇవాళ మీ ముందు పెడతాను.

ఊరికే కోర్ల లెక్క చెబితే గాల్లో మాటలవుతాయి, అందుకని పేర్లు పెట్టుకుందాం. 14 కోర్లది ఇంటెల్ జియాన్ ఈ5-2680 వీ4. 2016లో వచ్చింది. 28 త్రెడ్లు, అంటే ఒకేసారి నడవగల పని వరసలు. 35 ఎంబీ ఎల్3 క్యాష్, అంటే చిప్పు లోపలే ఉండే చిన్న మెమరీ. క్లాక్, అంటే కోర్ నడిచే వేగం, మామూలుగా 2.4 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు పెరిగే బూస్ట్‌లో 3.3. 120 వాట్లు. 6 కోర్లది ఏఎండీ రైజెన్ 5 5600. 2022లో వచ్చింది. 12 త్రెడ్లు, 32 ఎంబీ క్యాష్, 3.5 నుంచి 4.4 గిగాహెర్ట్జ్, 65 వాట్లు. మొదటిది డేటా సెంటర్లలో రాత్రింబగళ్లు నడవడానికి చేసింది. రెండోది మనలాంటివాళ్ల టేబుల్ మీదికి చేసింది.

వయసులో ఆరేళ్ల తేడా ఉంది కదా, ఈ పోటీ న్యాయమేనా అని మీకు అనిపించొచ్చు. కానీ జనానికి నిజంగా ఎదురయ్యే పోటీ ఇదే. డేటా సెంటర్లు కొన్నేళ్లకోసారి సర్వర్లు మార్చేస్తాయి. వాటిలోంచి తీసిన జియాన్లు సెకండ్‌హ్యాండ్‌లో బయటికొస్తాయి. ఒకవైపు ఆరు కోర్ల మామూలు చిప్పు, ఇంకోవైపు ఒకప్పుడు పెద్ద కంపెనీల సర్వర్లు నడిపిన చిప్పు. మనసు రెండోదాని వైపే లాగుతుంది.

నాకూ అలాగే లాగింది. అప్పట్లో నేను త్రీడీ రెండరింగ్, అంటే కంప్యూటర్‌లో తయారుచేసిన సీన్‌ని బొమ్మగా మార్చే పని, చేసేవాణ్ణి. జియాన్ పెట్టిన మొదటి రాత్రే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక సీన్ రెండర్‌కి వేశాను. తెర మీద చిన్న చిన్న గళ్లు ఒకేసారి 28 చోట్ల నిండుతూ వచ్చాయి. పాత నాలుగు కోర్ల మెషీన్ మీద ఎనిమిది గళ్లే కదిలేవి. రాత్రంతా పట్టే పని భోజనం చేసి వచ్చేసరికి చాలావరకు అయిపోయింది. ఆ గళ్లు నిండుతుంటే చూస్తూ కూర్చున్నాను, అంత సంతోషమేసింది.

ఆ శనివారం గేమ్ వేశాను. గ్రాఫిక్స్ కార్డు పాతదే, మార్చలేదు. ఊరి బయట మైదానంలో తిరిగినంతసేపూ బాగానే ఉంది. జనం కిటకిటలాడే నగరంలోకి అడుగుపెట్టగానే బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించి చూశాను. ఏమీ మారలేదు. గ్రాఫిక్స్ కార్డు సగం ఖాళీగా కూర్చుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం ఇరవై శాతం కూడా లేదు! కార్డుకి పని లేదు, ప్రాసెసర్‌కి పని లేదు, మరి గేమ్ ఎందుకు తడబడుతోంది? చిప్పు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. డ్రైవర్లు మళ్లీ వేశాను, థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పూశాను. రెండు వారాలు దాని చుట్టూ తిరిగాక తెలిసింది, చిప్పులో ఏ లోపమూ లేదని.

ఆ ఇరవై శాతం అంకె ఎలా మోసం చేస్తుందో చూడండి. ఆ చిప్పులో 28 త్రెడ్లున్నాయి. ఒక త్రెడ్ పూర్తిగా, ఊపిరాడనంత పని చేస్తోందనుకోండి. మొత్తంలో అది ఎంత? వందని 28తో భాగించండి: మూడున్నర శాతం. అంటే లోపల ఒక కోర్ నూటికి నూరు పాళ్లు బిగుసుకుపోయి ఉన్నా, టాస్క్ మేనేజర్ మనకి 'నాలుగు శాతమే వాడుతున్నాం' అని చూపిస్తుంది. గేమ్ ఆగేది ఆ ఒక్క కోర్ దగ్గరే. ఆ కోర్ పని ముగించేదాకా మిగతా పదమూడూ ఎదురుచూస్తుంటాయి, వాటి వెనక గ్రాఫిక్స్ కార్డు ఎదురుచూస్తుంటుంది, దాని వెనక మనం. కాబట్టి మీరు గేమ్‌లో చూడాల్సింది ఆ మొత్తం శాతం కాదు. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి ఒక్కో లాజికల్ ప్రాసెసర్‌ని విడివిడిగా చూపించమనండి. దాంతోపాటు గ్రాఫిక్స్ కార్డు వాడకం చూడండి. కార్డు 95 శాతం పైన ఉంటే కార్డే పరిమితి. కార్డు ఖాళీగా ఉండి, ఫ్రేములు, అంటే తెర మీద వరసగా మారే బొమ్మలు, రాకపోతే, ప్రాసెసర్ వైపు ఎక్కడో ముడి పడిందన్నమాట.

ఒక ఫ్రేమ్‌కి ఎంత సమయం దొరుకుతుందో లెక్కేద్దాం. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు. 144 ఫ్రేములు కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. ఆ ఏడు మిల్లీసెకన్లలోపల ఎన్ని పనులు జరగాలి! మీరు నొక్కిన బటన్ చదవాలి, మీ పాత్ర ఎక్కడుందో తేల్చాలి, చుట్టూ ఉన్నవాళ్లు ఎటు కదలాలో నిర్ణయించాలి, ఏది దేన్ని గుద్దుకుందో చూడాలి, చివరికి 'ఇదిగో ఇవి గీయి' అని గ్రాఫిక్స్ కార్డుకి పట్టీ రాసివ్వాలి. వీటిలో చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి జరగాల్సినవే. పాత్ర ఎక్కడుందో తేలకుండా గోడని గుద్దిందో లేదో ఎలా చెప్తాం? సూదిలో దారం ఎక్కించే పనికి పద్నాలుగుమందిని పిలిస్తే ఒక్కరే ఎక్కిస్తారు, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. ఆ ఒక్కరి చెయ్యి ఎంత చురుగ్గా ఉందన్నదే లెక్క.

గేములు ఎప్పటికీ ఇలాగే ఉంటాయని అనడం లేదు. గేమ్ గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే పద్ధతుల్లో ఒకటైన డైరెక్ట్ఎక్స్ 11 కాలంలో కార్డుకి పట్టీ రాసే పని దాదాపు ఒకే త్రెడ్ మీద పడేది. 2015లో డైరెక్ట్ఎక్స్ 12, 2016లో వల్కన్ వచ్చాక ఆ పనిని నలుగురికి పంచే వీలు దొరికింది. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండూ 2020లో ఎనిమిది కోర్లతో వచ్చాయి. గేమ్ తయారుచేసేవాళ్లు ఆ ఎనిమిదిని దృష్టిలో పెట్టుకునే పని పంచుతారు. అందుకే ఇవాళ ఆరు నుంచి ఎనిమిది మంచి కోర్లు దాటితే గేమ్‌కి పెద్దగా అందేది ఉండదు. 'మంచి' అన్న మాటని గట్టిగా పట్టుకోండి.

సర్వర్ చిప్పు ఇలా ఎందుకుందో అర్థమైతే దాని మీద కోపం పోతుంది. నాకు పోయింది. 2004 దాకా ప్రాసెసర్ల దారి ఒక్కటే, క్లాక్ పెంచుకుంటూ పోవడం. ఇంటెల్ 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామని చెప్పి, ఆ ఏడాదే ఆ ఆలోచన మానుకుంది. వేడి, కరెంటు అడ్డు నిలిచాయి. 2005లో రెండు కోర్ల చిప్పులు డెస్క్‌టాప్‌లోకి వచ్చాయి. క్లాక్ పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచాలి. ఖర్చయ్యే కరెంటు వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది, దానికి క్లాక్ పెంపు తోడవుతుంది. కాబట్టి పైకి వెళ్లేకొద్దీ చివరి కొంచెం వేగానికి చాలా ఎక్కువ కరెంటు పెట్టాలి.

ఇక్కడ సర్వర్ చిప్పు, డెస్క్‌టాప్ చిప్పు దారులు విడిపోతాయి. 2022లో ఏఎండీ జెన్ 4 అనే ఒకే కోర్ డిజైన్‌తో రెండు రకాల చిప్పులు తెచ్చింది. ఎపిక్ 9654 అనే సర్వర్ చిప్పులో 96 కోర్లు, 360 వాట్లు. కోర్‌కి నాలుగు వాట్లు కూడా రావు. ఎంత బూస్ట్ చేసినా 3.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. రైజెన్ 9 7950ఎక్స్ అనే డెస్క్‌టాప్ చిప్పులో 16 కోర్లు, 170 వాట్లు. కోర్‌కి పది వాట్ల పైనే. అది 5.7 దాకా వెళ్తుంది. కోర్ డిజైన్ ఒకటే, పెట్టిన తిండి వేరు. సర్వర్‌లో ఒకేసారి వేలమంది ఏదో ఒకటి అడుగుతుంటారు. వాళ్లలో ఏ ఒక్కరికి జవాబు రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైనా పెద్ద ఇబ్బంది లేదు. గంటలో మొత్తం ఎంతమందికి జవాబిచ్చాం, దానికి ఎంత కరెంటు కాలింది అన్నదే వాళ్ల లెక్క. మన టేబుల్ దగ్గర ఎదురుచూసేది ఒక్క మనిషి, ఆ మనిషికి కావాల్సింది తర్వాతి ఫ్రేమ్.

పని విషయానికొద్దాం. 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ డిజైనర్ చెప్పిన సూత్రం ఒకటుంది. పనిలో ఎంత భాగం పంచుకోవడానికి వీలవుతుందో, అదే మీ వేగానికి హద్దు పెడుతుంది. ఇందాకటి రెండు చిప్పుల మీద దీన్ని వేసి చూద్దాం. లెక్క సులువుగా ఉండటానికి 6 కోర్ల చిప్పులో ఒక్కో కోర్ ఒకటిన్నర రెట్లు చురుకు అనుకుందాం. నిజానికి ఎక్కువే ఉండొచ్చు, ఎందుకంటే క్లాక్ ఒక్కటే కాదు, ఒక్కో క్లాక్ టిక్కులో చేసే పని కూడా కొత్త డిజైన్లలో పెరిగింది. జియాన్ కోర్ ఒక్కటి చేసే వేగాన్ని 1 అనుకుందాం.

పనిలో సగమే పంచుకోగలిగితే, 14 కోర్ల వేగం 1.87. 6 కోర్ల వేగం 2.57. గేములు, బ్రౌజర్, ఎక్సెల్‌లో చాలా పనులు ఇటువైపు ఉంటాయి. పనిలో 90 శాతం పంచుకోగలిగితే 14 కోర్లకి 6.1, 6 కోర్లకి సరిగ్గా 6. అంటే సమానం! నేను మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. పదింట తొమ్మిది వంతులు పంచుకోగలిగే పనిలో కూడా ఎనిమిది కోర్లు ఎక్కువ ఉండి ఏమీ మిగల్లేదు. 99 శాతం పంచుకోగలిగితే అప్పుడు 14 కోర్లకి 12.4, 6 కోర్లకి 8.6. అక్కడ జియాన్ గట్టిగా గెలుస్తుంది. రెండరింగ్ ఈ మూడో రకం. ఒక గడి రంగు తేల్చడానికి పక్క గడితో సంబంధం లేదు కాబట్టి ఎంతమందికి పంచినా ఇంకా మిగులుతుంది. నా మొదటి రాత్రి సంతోషానికి, శనివారం దిగులుకి మధ్య ఉన్న తేడా అంతా ఈ మూడు వరసల్లో ఉంది.

కాబట్టి 'పని' అని ఒకే మాటగా అనొద్దు. పెద్ద ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయడం, అంటే రాసిన కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చడం, చాలా ఫైళ్లున్నంతసేపూ చక్కగా పంచుకుంటుంది, చివర్లో అన్నిటినీ కలిపి లింక్ చేసే దగ్గర ఒంటరి కోర్ మీద పడుతుంది. క్యాడ్‌లో, అంటే డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్‌లో, మోడల్ గీయడం ఎక్కువగా ఒక్క కోర్ పనే. ఫోటో ఎడిటింగ్‌లో చాలా ఫిల్టర్లు కొన్ని కోర్లు దాటి వాడుకోవు. వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే కంప్యూటర్ లోపల నడిచే వేరే కంప్యూటర్లు, నాలుగైదు ఒకేసారి నడపాలంటే మాత్రం కోర్లు ఎన్నుంటే అంత హాయి. ఒక్కోదానికి రెండు మూడు రాసిచ్చి ఊరుకోవచ్చు.

క్యాష్ గురించి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ప్రాసెసర్‌కి కావాల్సిన సమాచారం క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లి తెచ్చుకోవాలి. దానికి దాదాపు 80 నానోసెకన్లు అనుకోండి. వినడానికి ఏమీ కాదు. కానీ 4 గిగాహెర్ట్జ్ కోర్‌కి అది 320 క్లాక్ టిక్కులు ఖాళీగా కూర్చోవడం. గేమ్‌లో వేలకొద్దీ వస్తువులు మెమరీలో తలోచోట చెదిరి ఉంటాయి కాబట్టి ఈ ప్రయాణాలు తెగ జరుగుతాయి. ఏఎండీ 2022 ఏప్రిల్‌లో రైజెన్ 7 5800ఎక్స్3డీ తెచ్చింది. చిప్పు మీద ఇంకో పొర క్యాష్ పేర్చి మొత్తం 96 ఎంబీ చేసింది. క్లాక్ మాత్రం పాత 5800ఎక్స్ కంటే తక్కువ, 4.7 నుంచి 4.5కి దిగింది. అయినా గేముల్లో పాతదాన్ని దాటేసింది. నాకు బాగా నచ్చే సంగతేమిటంటే, అంతకు నెల ముందు, మార్చిలో, ఇదే పేర్చిన క్యాష్ సర్వర్ చిప్పుల్లో వచ్చింది. ఎపిక్ 7773ఎక్స్‌లో అది 768 ఎంబీ. డేటా సెంటర్ కోసం చేసిన పనితనం మన గేమ్ దాకా నడిచొచ్చింది.

మరి జియాన్‌లో 35 ఎంబీ ఉంది కదా, అది 32 కంటే ఎక్కువే కదా అని అడగొచ్చు. అడగాల్సిందే. కానీ ఆ 35 ఎంబీ 14 కోర్ల మధ్య ముక్కలుగా పరచి ఉంటుంది. దూరపు ముక్క నుంచి తేవాలంటే చిప్పు లోపలే ప్రయాణం. క్లాక్ కూడా తక్కువ కాబట్టి ఆ ప్రయాణం ఇంకా మెల్లగా సాగుతుంది. రైజెన్ 5600లో ఆరు కోర్లూ 32 ఎంబీ చుట్టూ దగ్గరగా కూర్చుంటాయి.

రెండు ప్రాసెసర్లు పెట్టుకునే, అంటే రెండు సాకెట్ల, బోర్డులైతే ఈ దూరం ఇంకా పెరుగుతుంది. ఒక్కో ప్రాసెసర్‌కి దాని ర్యామ్ దానికే దగ్గర. పక్క ప్రాసెసర్ దగ్గరున్న ర్యామ్ కావాలంటే రెంటి మధ్య తీగ దాటి వెళ్లాలి. రెండు చిప్పులు పెడితే గేమ్ రెట్టింపు వేగం అవుతుందని ఆశపడేవాళ్లని నేను చాలామందిని చూశాను. గేమ్ ఒక చిప్పులో సర్దుకుంటుంది, అప్పుడప్పుడు అటు దూకితే ఇంకా నెమ్మదిస్తుంది. రెండు చిప్పుల బోర్డు గేమ్ కోసం కొనొద్దు.

ఇప్పుడు సర్వర్ ప్రాసెసర్ నిజంగా గొప్పగా ఉండే చోట కాసేపు నిలబడదాం. మొదటిది మెమరీ. రైజెన్ 5600కి ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు దారులు, 128 జీబీ దాకా పట్టించుకుంటుంది. మన జియాన్‌కి నాలుగు దారులు, 1.5 టీబీ దాకా. ఎపిక్ 9654కి పన్నెండు దారులు. గ్రాఫిక్స్ కార్డులు, ఎన్‌వీఎంఈ అనే వేగమైన డిస్కులు తగిలించే పీసీఐఈ లేన్లు 5600లో 24, జియాన్‌లో 40, ఎపిక్‌లో 128. పెద్ద డేటాబేస్ మొత్తాన్ని ర్యామ్‌లో పెట్టుకోవాలన్నా, నాలుగు గ్రాఫిక్స్ కార్డులు పెట్టి పని చేయించాలన్నా డెస్క్‌టాప్ చిప్పు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

రెండోది ఈసీసీ మెమరీ, అంటే తన తప్పుల్ని తనే దిద్దుకునే ర్యామ్. దీని గురించి నాకు పట్టుదల ఉంది, కొంచెం ఎక్కువసేపు చెబుతాను. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ అనే గణితవేత్త శని ఆదివారాల్లో మెషీన్‌కి పని అప్పజెప్పి వెళ్లేవాడు. సోమవారం వచ్చి చూస్తే, ఏదో తప్పు దొర్లిందని మెషీన్ ఆ పని వదిలేసి ఉండేది. తప్పు జరిగిందని కనిపెట్టగలిగిన మెషీన్, అది ఎక్కడ జరిగిందో కనిపెట్టి తనే ఎందుకు దిద్దుకోకూడదని ఆయన అడిగాడు. 1950లో వచ్చిన ఆయన పత్రం ఆ ప్రశ్నకి జవాబు. ఇవాళ్టి ఈసీసీ ర్యామ్ ఆ ఆలోచన మీదే నిలబడింది. ప్రతి 64 బిట్లకి ఇంకో 8 బిట్లు కలిపి ఉంచుతుంది. ఒక బిట్ తిరగబడితే దిద్దేస్తుంది, రెండు తిరగబడితే కనీసం చెబుతుంది. 2009లో గూగుల్, టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు గూగుల్ సర్వర్ల మీద చేసిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్కుల్లో కనీసం ఒక్కసారైనా ఇలాంటి తప్పు కనబడింది.

గేమ్‌లో ఒక బిట్ తిరగబడితే ఒక ఆకు రంగు మారొచ్చు, మహా అయితే గేమ్ మూతపడుతుంది. మీ ఇరవై ఏళ్ల ఫోటోలు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకి కాపీ అవుతున్నప్పుడు తిరగబడితే? తప్పుగా ఉన్న బిట్ తప్పుగానే రాసుకుపోతుంది, ఎవరికీ తెలియదు. ఈసీసీ అందరికీ అందుబాటులో ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా 2021లో ఈ విషయం మీదే ఇంటెల్‌ని గట్టిగా తప్పుపట్టాడు. ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగు. రైజెన్ 5600 లాంటి చిప్పుల్లో బోర్డు సహకరిస్తే ఈసీసీ పనిచేస్తుంది. కొనేముందు బోర్డు పత్రంలో ఆ మాట రాసి ఉందో లేదో చూసుకోండి. ఇంకో జాగ్రత్త కూడా. సర్వర్లలోంచి తీసిన ర్యామ్ చాలావరకు రిజిస్టర్డ్ రకం. డీడీఆర్4 తరం ర్యామ్‌లో అది డెస్క్‌టాప్ బోర్డులో దిగుతుంది, కానీ మెషీన్ లేవదు.

పాత జియాన్ కొనాలనుకునేవాళ్లకి చకచకా కొన్ని మాటలు. ఈ5 మొదటి రెండు తరాల్లో, అంటే పేరు చివర ఏమీ లేనివి, వీ2 అని ఉన్నవి, ఏవీఎక్స్2 అనే సూచనల సమూహం లేదు. కొన్ని కొత్త గేములు, సాఫ్ట్‌వేర్లు అది లేకపోతే తెరుచుకోవు. వీ3 నుంచి ఉంది. వీ4 కూడా విండోస్ 11 మద్దతు జాబితాలో లేదు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది. లైనక్స్ వాడేవాళ్లకి ఆ బాధ లేదు. ఈ5 చిప్పుల్లో లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకపోతే తెర వెలగదు. 2600 వరసలో క్లాక్ పెంచుకునే తాళం తెరుచుకోదు. అసలు సర్వర్ మెషీన్ మొత్తాన్నే తెచ్చుకుంటే, అది లేవడానికి నిమిషాలు పడుతుంది, చిన్న ఫ్యాన్లు గట్టిగా కూస్తాయి. పడుకునే గదిలో పెట్టుకోలేరు.

పేరు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. 2013లో జియాన్ ఈ3-1230 వీ3 వచ్చింది. అదే ఏడాది వచ్చిన కోర్ ఐ7-4770కి అది తోబుట్టువు. అదే సాకెట్, అవే నాలుగు కోర్లు, ఎనిమిది త్రెడ్లు, 8 ఎంబీ క్యాష్. లోపల గ్రాఫిక్స్ లేదు, క్లాక్ కొంచెం తక్కువ. దాంతో గేమ్ ఆడినవాళ్లు హాయిగా ఆడుకున్నారు. 2024లో వచ్చిన ఎపిక్ 4004 చిప్పులు రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లోనే కూర్చుంటాయి, లోపల సరుకు కూడా రైజెన్ సరుకే. డబ్బా మీద జియాన్ అనో ఎపిక్ అనో ఉంటే అది గేమ్‌కి పనికిరాదని అర్థం కాదు. లోపలి కోర్ ఏ తరానిది, ఎంత క్లాక్‌తో పరిగెడుతుంది, ర్యామ్‌కి ఎంత దూరంలో ఉంది, ఇవి అడగండి.

(సభలోంచి ఒక ప్రశ్న: "సార్, నేను వీడియో ఎడిటింగ్ చేస్తాను, గేమ్స్ కూడా ఆడతాను. నాకు ఏది?")

ఎడిటింగ్‌లో మీరు ఎక్కువసేపు చేసేది టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ జరపడం. అది గేమ్ లాంటిదే, ఒక మనిషి తర్వాతి ఫ్రేమ్ కోసం ఎదురుచూడటం. అక్కడ చురుకైన కోర్, వీడియోని విప్పే హార్డ్‌వేర్ డీకోడర్ కావాలి. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పుల్లో గ్రాఫిక్స్ ఉన్నవాటికి క్విక్ సింక్ అనే అలాంటి డీకోడర్ ఉంటుంది. 5600లోనూ, ఈ5లోనూ అది లేదు కాబట్టి ఆ పని మీ గ్రాఫిక్స్ కార్డు చేయాలి. చివర్లో ఎక్స్‌పోర్ట్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తే ఎక్కువ కోర్లు సాయపడతాయి, కార్డుతో చేస్తే అవసరం లేదు. మీకు డెస్క్‌టాప్ చిప్పే. వీలైతే ఆరు కాకుండా ఎనిమిది కోర్లు, దానితో 32 జీబీ ర్యామ్.

(ఇంకో ప్రశ్న: "నేను ఇప్పటికే 2680 వీ4 కొనేశాను అన్నా. తీసేయాలా?")

వద్దు తమ్ముడూ, తీసేయకు. ముందు నీ తెర ఎంతదో చూసుకో. 4కే తెర మీద గేమ్ ఆడితే భారమంతా గ్రాఫిక్స్ కార్డు మీదికి పోతుంది, ప్రాసెసర్ల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది. 1080పీలో 144 ఫ్రేములు కావాలనుకున్నప్పుడే జియాన్ ఆయాసపడేది. నువ్వు గేమ్‌లో ఫ్రేములు 60కి కట్టేయ్. అప్పుడు ఒక్కో ఫ్రేమ్‌కి ఏడు బదులు దాదాపు పదిహేడు మిల్లీసెకన్లు దొరుకుతాయి, ఆగి ఆగి కదలడం చాలా గేముల్లో తగ్గుతుంది. నాలుగు ర్యామ్ దారుల్లోనూ స్టిక్కులున్నాయో లేదో చూడు. రెండే పెట్టి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు, సగం దారి మూసుకున్నట్టే. జనం ఎక్కువగా కనబడే సెట్టింగు, దూరం ఎంతవరకు గీయాలి అనే సెట్టింగు తగ్గించు. ఆ రెండూ ప్రాసెసర్ మీద పడేవి. నీడలు, టెక్స్‌చర్లు తగ్గిస్తే నీకు లాభం తక్కువ, నేను రెండు వారాలు అవే తగ్గిస్తూ కూర్చున్నాను.

తర్వాత ఎప్పుడైనా చురుకైన డెస్క్‌టాప్ చిప్పు తీసుకున్నా దీన్ని పక్కన పెట్టుకో. నాది ఇప్పటికీ నడుస్తోంది. తెర లేదు, కీబోర్డు లేదు, ఈసీసీ ర్యామ్‌తో పక్క గదిలో ఉంటుంది. సీన్ నా టేబుల్ మీద ఆరు కోర్ల మెషీన్‌లో తయారుచేసి, రాత్రి పడుకునేముందు దానికి పంపిస్తాను. దాని 28 గళ్లు అది నింపుకుంటూ ఉంటుంది, నేను ఇటు ఒక గంట గేమ్ ఆడుకుంటాను.